తెల్లవారితే గురువారం: విదేశీ వ్యాపారంలో టైమూ తేదీ తారుమారు కాకుండా ఎలా చూసుకోవాలి

కొన్నేళ్ల కిందటి మాట. గుంటూరులో మాది చిన్న ఎగుమతి ఆఫీసు, సరుకు ఎండుమిర్చి. జనవరిలో చైనాకు తేజ రకం శాంపిళ్లు పంపాం. నచ్చాయని జవాబొచ్చింది: "మంగళవారం ఉదయం 10, సీఎస్‌టీ. ధర మాట్లాడుకుందాం." మాకు అప్పటిదాకా తెలిసిన సీఎస్‌టీ ఒక్కటే, చికాగో టైమ్. మా పాత పార్టీ, అంటే సరుకు కొనే ఆయన ఒకరు, అక్కడివాడు. ఆ లెక్కన మనకు రాత్రి 9:30. చపాతీలు పార్సిల్ తెప్పించుకుని, ధరల కాగితం పక్కన పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. పది దాటింది, పదకొండు దాటింది. అటు పక్క ఎవరూ లేరు.

చైనా వాళ్లూ తమ టైమ్‌ను సీఎస్‌టీ అనే రాస్తారు, చైనా స్టాండర్డ్ టైమ్ అని. వాళ్ల ఉదయం 10 అంటే మనకు పొద్దున 7:30. మేం ఇళ్లలో ఇడ్లీ తింటున్న వేళకు చైనా కొనుగోలుదారు అరగంట ఎదురుచూసి వెళ్లిపోయాడు. రెండు సీఎస్‌టీల మధ్య 14 గంటల తేడా. ఆర్డరు ఇంకొకరికి పోయింది. మా టిక్కీలు (మిర్చి బస్తాలు) నెలన్నర పాటు కోల్డ్ స్టోరేజీలోనే ఉండిపోయాయి, అద్దె మీద అద్దె.

మీది మిర్చి కావచ్చు, భీమవరం రొయ్య కావచ్చు, చీమకుర్తి గ్రానైట్ కావచ్చు, హైదరాబాద్‌లో పదిమందితో నడిపే సాఫ్ట్‌వేర్ కంపెనీ కావచ్చు. ధర దగ్గర పైసా పైసాకూ బేరమాడతాం. తేదీ దగ్గరికొచ్చేసరికి మాత్రం అవతలివాడికీ మన గోడమీది క్యాలెండరే ఉందనుకుంటాం. నా దెబ్బలన్నీ అక్కడే తగిలాయి. ఆ దెబ్బలతో నేర్చుకున్న పద్ధతి ఇది.

1. టైమ్‌ను శుభలేఖలో రాసినట్టు రాయండి

మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, ఇంగ్లిష్ తేదీ అర్ధరాత్రికి మారుతుంది. ముహూర్తం రాత్రి 2:40కి పడితే అది ఏ రోజు కింద లెక్క? అందుకే శుభలేఖలో "బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం" అని అచ్చేస్తారు. ఆ ఒక్క ముక్క వల్ల చుట్టాలెవరూ ఒక రోజు ఆలస్యంగా రారు. రెండు లెక్కలూ తెలిసినవాడు రెండింటినీ పక్కపక్కన రాసి పెట్టాడు. మీ మెయిల్లో చేయాల్సిందీ అంతే.

వారం, తేదీ, నెల పేరు అక్షరాల్లో, 24 గంటల లెక్కలో టైమ్, ఊరి పేరు. ఆ వెంటనే అవతలి ఊరి టైమ్. "మంగళవారం, 13 జనవరి 2026, గుంటూరు 07:30 / షాంఘై 10:00." ఇంతే. పొట్టి అక్షరాల జోలికి పోకండి. ఐఎస్‌టీ అంటే మనకు ఇండియా. ఇజ్రాయెల్ వాడికి ఇజ్రాయెల్, ఐర్లండ్ వాడికి ఐర్లండ్. అమెరికా వాళ్లలో చాలామంది నడివేసవిలో కూడా అలవాటు కొద్దీ ఈఎస్‌టీ (న్యూయార్క్ వైపు చలికాలం టైమ్) అనే రాస్తారు, అప్పుడు గడియారం ఈడీటీలో (అక్కడి వేసవి టైమ్‌లో) ఉన్నా సరే. "న్యూయార్క్ టైమ్" అంటే ఏ గొడవా లేదు.

"రేపు", "ఈ రాత్రి 12", "వచ్చే శుక్రవారం" అనే మాటలు మెయిల్లోంచి తీసేయండి. మీరు రాత్రి తొమ్మిదికి "రేపు" అని రాస్తే న్యూయార్క్‌లో అప్పటికి పొద్దున. ఆయన సాయంత్రం తీరిగ్గా చదివి తన రేపు అనుకుంటాడు. అది మీ రేపు అయిపోతున్న వేళ. గడువు అర్ధరాత్రికైతే 23:59 అని రాయండి, తేదీ ఏదో అడగక్కర్లేకుండా తెలిసిపోతుంది.

అంకెల తేదీలు ఇంకో ఉచ్చు. 04/05/2026 అంటే మనకు మే 4, అమెరికా వాళ్లకు ఏప్రిల్ 5. చైనా, జపాన్ వాళ్లు తేదీలో ఏడాదిని మొదట రాస్తారు. ఆ ఏడాది కూడా ఒకటే కాదు: మన 2026 థాయ్‌లాండ్ కాగితాల్లో 2569, జపాన్ ప్రభుత్వ కాగితాల్లో రేవా 8. నేపాల్లో విక్రమ సంవత్ 2083 మన 2026 ఏప్రిల్ నడిమధ్యలో మొదలవుతుంది. అవతలి నుంచి వచ్చిన సర్టిఫికెట్‌లో గడువు తేదీ వింతగా ఉంటే తప్పుపడిందని కొట్టేయకండి, ఏ క్యాలెండరో అడగండి. జర్మనీ వాళ్లయితే "14వ వారంలో పంపండి" అంటారు. వాళ్ల వారం సోమవారంతో మొదలు. 2026లో 14వ వారమంటే మార్చి 30 నుంచి ఏప్రిల్ 5. మీరు లెక్కేసుకున్న తేదీలు తిరిగి మెయిల్లో రాసి "ఇదేనా?" అని అడిగితే పోయేదేమీ లేదు.

2. తేడా బట్టీ పట్టకండి, మారే ఆదివారాలు గుర్తుపెట్టుకోండి

మన టైమ్ గ్రీనిచ్‌కన్నా అయిదున్నర గంటలు ముందు. 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దీనికి ఆధారం. ఆ గీత పైన మీర్జాపూర్ దగ్గర, కింద మన కాకినాడ పక్కనుంచి పోతుంది. ఈ అరగంట వల్ల ఒక చిట్కా కుదిరింది. ముళ్ల గడియారాన్ని తలకిందులుగా పట్టుకుని చూడండి. మన మధ్యాహ్నం 3 గంటలు అటునుంచి 9:30 లాగా కనిపిస్తుంది. గ్రీనిచ్‌లో అప్పుడు ఉదయం 9:30. పిల్లలకు చూపిస్తే సరదాపడతారు.

అసలు చిక్కు ఏటా రెండుసార్లు గడియారం మార్చే దేశాలతో. మనం మార్చం, చైనా మార్చదు, జపాన్, గల్ఫ్ మార్చవు. అమెరికా మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరిపి నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తెస్తుంది. యూరప్, బ్రిటన్ మార్చి చివరి ఆదివారం జరిపి అక్టోబర్ చివరి ఆదివారం వెనక్కి తెస్తాయి. ఆ ప్రకారం 2026లో అమెరికా మార్చి 8న, యూరప్ మార్చి 29న. మధ్యలో ఆ మూడు వారాలూ న్యూయార్క్‌కీ లండన్‌కీ తేడా అయిదు గంటలు కాదు, నాలుగే. ముగ్గురూ కలిసే మీటింగ్ ఉంటే అప్పుడే ఎవరో ఒకరు గంట ముందో వెనకో వస్తారు.

లెక్క ఇలా: న్యూయార్క్ ఉదయం 9:30 చలికాలంలో మనకు రాత్రి 8, వేసవిలో సాయంత్రం 7. లండన్‌తో తేడా చలికాలంలో అయిదున్నర, వేసవిలో నాలుగున్నర. ప్రతి వారం జరిగే మీటింగ్‌ను ఫోన్ క్యాలెండర్‌లో పెట్టేటప్పుడు "ఏ ఊరి టైమ్" అన్న చోట కొనుగోలుదారు ఊరు పెట్టండి. మార్చిలో అదే జరుగుతుంది, మీరు లేచి సరిచేయక్కర్లేదు.

అందరూ ఒకేలా మార్చరు. అమెరికాలోనే ఆరిజోనాలో ఎక్కువ భాగం మార్చదు. బ్రెజిల్ 2019లో ఈ పద్ధతే ఎత్తేసింది, మెక్సికో 2022లో చాలామటుకు ఎత్తేసింది. ఆస్ట్రేలియాలో సిడ్నీ మారుస్తుంది, బ్రిస్బేన్ మార్చదు. పైగా వాళ్ల వేసవి మనకు తిరగబడి, అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా. దేశం పేరుతో కాకుండా ఊరి పేరుతోనే టైమ్ చూడమనేది ఇందుకే.

3. రెండు ఆఫీసులూ తెరిచి ఉండే గంటలు గీసుకోండి

ఒక కాగితం తీసుకోండి. మన 24 గంటలు ఒక గీత. దాని కింద ఒక్కో దేశానికి ఒక్కో గీత, ఆఫీసు గంటల మేర లావుగా. మా గోడమీదున్నది ఇది: షాంఘై 9 నుంచి 6 అంటే మనకు పొద్దున 6:30 నుంచి మధ్యాహ్నం 3:30. దుబాయ్ 10:30 నుంచి రాత్రి 7:30. జర్మనీ వేసవిలో 12:30 నుంచి రాత్రి 8:30 దాకా. న్యూయార్క్ 9 నుంచి 5 అంటే వేసవిలో సాయంత్రం 6:30 నుంచి అర్ధరాత్రి దాటి 2:30.

గీశాక చూడండి, మనం పొద్దున తొమ్మిదిన్నరకు ఆఫీసు తలుపులు తీసే వేళకు షాంఘైలో పన్నెండు, భోజనానికి లేస్తున్నారు. చాలా ఆఫీసుల్లో తిన్నాక కాసేపు కునుకు కూడా. కాబట్టి చైనా పని పొద్దున ఏడు నుంచి తొమ్మిదిలోపు తెమల్చాలి. మా దగ్గర ఒకరు ఏడింటికే వచ్చి మధ్యాహ్నం మూడింటికి వెళ్లిపోతారు. ఒకరు మధ్యాహ్నం వచ్చి అమెరికా చూసుకుంటారు. ఒకే మనిషి రెండూ చూడాలంటే వారం తిరక్కుండా మంచాన పడతాడు.

శనివారం మెయిళ్ల సంగతి వేరే చెప్పాలి. జనవరిలో మీరు శనివారం పొద్దున 10 గంటలకు పంపిన మెయిల్ న్యూయార్క్‌లో శుక్రవారం రాత్రి 11:30కి పడుతుంది. వాళ్లు సోమవారం ఉదయం 9కి చూస్తారు, అప్పటికి మనకు సోమవారం రాత్రి 7:30. రెండున్నర రోజులు గాలికి. అదే మెయిల్ శుక్రవారం రాత్రి ఏడున్నరకు పంపి ఉంటే వాళ్ల ఉదయం తొమ్మిది, అదే రోజు జవాబు. అమెరికా సరుకుకైతే దీనికి ఇంకో బరువుంది. ఓడలో కంటైనర్ ఎక్కించే 24 గంటల ముందే అక్కడి దిగుమతిదారు తన కస్టమ్స్‌కు వివరాలు దాఖలు చేయాలి. ఆ వివరాలు ఇవ్వాల్సింది మనం. మీ కంటైనర్ ఆదివారం చెన్నైలో లోడింగ్ అయితే, శనివారం పొద్దున పంపిన వివరాలు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

4. సెలవులను ఆర్డరు కన్నా ముందు అడగండి

వారాంతం అంటే శని, ఆది అనుకోకండి. సౌదీలో 2013 నుంచి శుక్ర, శని. బంగ్లాదేశ్‌లోనూ అంతే. ఢాకా బ్యాంకుతో పని ఉంటే మీకు వారంలో రెండు వైపులా పని జరిగే రోజులు సోమవారం నుంచి గురువారం దాకా నాలుగే. యూఏఈ 2022 జనవరి నుంచి శని, ఆదివారాలకు మారింది. ప్రభుత్వ ఆఫీసులకు శుక్రవారం సగం రోజు. కానీ ఆ యూఏఈలోనే ఉన్న షార్జాలో ప్రభుత్వ ఆఫీసులకు శుక్ర, శని, ఆది మూడు రోజులూ సెలవే.

వ్యాపారం కోసం ఏకంగా ఒక రోజునే వదిలేసుకున్న దేశం కూడా ఉంది. పసిఫిక్‌లోని సమోవా వాళ్ల వ్యాపారం చాలావరకు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో. అప్పట్లో తేదీ రేఖకు (దాటితే తేదీ మారే గీతకు) అవతల ఉండడంతో అక్కడ సోమవారమైతే వీళ్లకు ఇంకా ఆదివారమే ఉండేది. 2011లో డిసెంబర్ 29 గురువారం పడుకున్నవాళ్లు డిసెంబర్ 31 శనివారం లేచారు. ఆ ఏడు అక్కడ 30వ తేదీ లేదు.

ఇక పండగలు. మిర్చివాళ్లకు గుండెల్లో రాయి చైనా కొత్త సంవత్సరం. మన గుంటూరు మిర్చి యార్డుకు కొత్త కాయ జోరుగా వచ్చేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. తేజకు పెద్ద గిరాకీ చైనాది. సరిగ్గా ఆ సమయానికే వాళ్లు తాళాలేసుకుని సొంతూళ్లకు పోతారు. 2025లో జనవరి 29న, 2026లో ఫిబ్రవరి 17న, 2027లో ఫిబ్రవరి 6న. సర్కారు సెలవు వారం పైచిలుకే గానీ, ఫ్యాక్టరీలు అంతకు ముందు నుంచే పలచబడతాయి, పండగ తర్వాత పదిహేనో రోజు దాకా పూర్తిగా కుదురుకోవు. వియత్నాం వాళ్ల టెట్ కూడా ఆ రోజుల్లోనే. ఓడరేవులో సరుకు దిగినా విడిపించుకునే మనిషి ఉండడు, డెమరేజీ (సరుకు రేవులో ఆగినందుకు కట్టే రుసుము) మాత్రం సెలవు తీసుకోదు. అందుకని పండగ తేదీ పట్టుకుని వెనక్కి లెక్కేయండి. పండగకు మూడు వారాల ముందు అక్కడ దిగేలా పంపగలిగితే పంపండి, లేదా పండగయ్యాక దిగేలా ఆపండి. మధ్యలో దిగేలా మాత్రం వద్దు. అక్టోబర్ 1 నుంచి వారం రోజులు మళ్లీ వాళ్లకు సెలవు. ఒకటి మాత్రం మనకు కలిసొచ్చేది: పెద్ద సెలవులకు బదులుగా వాళ్లు కొన్ని శని, ఆదివారాలు పనిచేస్తారు. ఆ తేదీలు ముందే ప్రకటిస్తారు, అడిగి రాసుకోండి.

తేదీలు ఎందుకిలా కదులుతాయో మనకు విడమరిచి చెప్పక్కర్లేదు. చైనా వాళ్లదీ చంద్రుడి లెక్కే, మనలాగే అధికమాసం కలుపుకుంటారు, అందుకే పండగ జనవరి చివరికీ ఫిబ్రవరి మూడో వారానికీ మధ్య ఊగుతుంది. మనకూ 2026లో అధిక జ్యేష్ఠం, అందుకే ఉగాది ఆ ఏడు మార్చి 19న అయితే 2027లో ఏప్రిల్ 7న. హిజ్రీ లెక్కలో అధికమాసం లేదు. కాబట్టి రంజాన్ ఏటా సుమారు 11 రోజుల చొప్పున ముందుకొస్తూ అన్ని కాలాలూ చుట్టేస్తుంది. నెలవంక కనబడితేనే ఖాయం, కాబట్టి ఒక రోజు అటూ ఇటూ వదిలిపెట్టుకోండి. ఆ నెలంతా గల్ఫ్‌లో పనిగంటలు తగ్గుతాయి. ఉదయమే ఫోన్ చేయండి, సాయంత్రం ఇఫ్తార్ వేళ చేయకండి.

మిగతావి రాసిపెట్టుకుంటే చాలు: థాయ్‌లాండ్ సాంగ్‌క్రాన్ ఏప్రిల్ 13 నుంచి 15, జపాన్ గోల్డెన్ వీక్ ఏప్రిల్ చివర నుంచి మే 5 దాకా, యూరప్ ఆగస్టు, అమెరికాలో నవంబర్ నాలుగో గురువారం, తర్వాత క్రిస్మస్.

5. ఎల్‌సీ చేతికి రాగానే తేదీలు చదవండి, సొమ్ము ఎంతో తర్వాత

ఎల్‌సీ అంటే లెటర్ ఆఫ్ క్రెడిట్, సరైన కాగితాలు అందిస్తే డబ్బిస్తానని కొనుగోలుదారు బ్యాంకు రాసిచ్చే హామీ. అందరూ ముందు అందులో డాలర్లు చూస్తారు. డబ్బు ఆగేది తేదీల దగ్గర. ఎల్‌సీలు నడిచేది యూసీపీ 600 నియమాల మీద; అంతర్జాతీయ వాణిజ్య మండలి తెచ్చినవి, 2007 జులై 1 నుంచి అమల్లో ఉన్నాయి. అందులో మన పనికొచ్చేవి ఇవి.

గడువు ఏ ఊళ్లో తీరుతుంది? "ఇండియాలో" అని ఉంటే మీ బ్యాంకులో ఆ రోజుకు కాగితాలు ఇస్తే సరి. కొనుగోలుదారు బ్యాంకు కౌంటర్లో అని ఉంటే కొరియర్ అక్కడికి చేరేసరికి గడువు మిగిలుండాలి. ఈ ఒక్క మాట మార్పించుకోవడానికి అయిదు నిమిషాలు పడుతుంది, ఒప్పందం మీద సంతకం పెట్టకముందైతే.

గడువు చివరి రోజు ఆ బ్యాంకుకు సెలవైతే తర్వాతి పనిదినానికి జరుగుతుంది. 2026 ఫిబ్రవరి 20న చైనా బ్యాంకులో తీరే గడువు పండగ సెలవుల తర్వాతికి పోతుంది. అది చూసి సరుకెక్కించే చివరి తేదీ కూడా జరుగుతుందనుకుంటారు. జరగదు. ఆ రోజు ఆదివారమైనా, సంక్రాంతి అయినా, ముఠా కూలీలు రాకపోయినా సరుకు ఓడెక్కాల్సిందే.

ఓడెక్కిన తేదీ నుంచి 21 క్యాలెండర్ రోజుల్లో కాగితాలు ఇవ్వాలి, అదీ ఎల్‌సీ గడువు దాటకుండా. బ్యాంకు వాటిని చూడడానికి అయిదు బ్యాంకు పనిదినాలు. మొదటిది సెలవులతో సహా లెక్క, రెండోది సెలవులు తీసేసి. ఫిబ్రవరి 12న కాగితాలు చైనా బ్యాంకుకు చేరితే పండగలోపు ఒకటి రెండు రోజులే లెక్కలోకొస్తాయి, మిగతావి నెలాఖరుకు. మీరు ఆ డబ్బుతో రైతుకు, కమీషన్ ఏజెంటుకు మాటిచ్చి ఉంటే ఆ పదిరోజులూ ఫోన్ ఎత్తలేరు. ఇటు పక్క కూడా చూసుకోండి: 2015 సెప్టెంబర్ నుంచి మన బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవు, ఏప్రిల్ 1న ఖాతాల ముగింపు.

"నెలాఖరులో" అన్న మాటకు కూడా ఆ నియమాల్లో లెక్క ఉంది. నెల మొదట్లో అంటే 1 నుంచి 10, మధ్యలో అంటే 11 నుంచి 20, చివర అంటే 21 నుంచి ఆఖరు రోజు దాకా. "ఫలానా తేదీ ప్రాంతంలో" అంటే ఆ తేదీకి అయిదు రోజులు ముందూ అయిదు రోజులు వెనకా. అలాగే డబ్బు కట్టే గడువుగా 90 రోజులు, మూడు నెలలు ఒకటి కావు. ఓడ బిల్లు (సరుకు ఓడెక్కినట్టు ఇచ్చే రసీదు) మార్చి 10దైతే, ఆ రోజు వదిలేసి మర్నాటి నుంచి లెక్కపెడితే 90వ రోజు జూన్ 8. మూడు నెలలంటే జూన్ 10. రెండు రోజులే కదా అనుకోకండి, ఆ రెండు రోజుల ముందే మీ చెక్కు ఒకటి బ్యాంకులో పడి ఉంటుంది.

6. మన క్యాలెండర్ వాళ్లకు పంపండి

మన సెలవులు వాళ్లకెలా తెలుస్తాయి? డిసెంబర్‌లోనే ఒక కాగితం పంపండి: సంక్రాంతికి యార్డు, కూలీలు దొరకని రోజులు, ఉగాది, దసరా, దీపావళి, మిర్చి యార్డు వేసవి సెలవులు, బ్యాంకు శనివారాలు. రాష్ట్రం పేరు తప్పక రాయండి, గూగుల్లో "ఇండియా సెలవులు" అని చూసుకుని మనం హోలీకి మూడు రోజులు మూసేస్తామనుకున్న పార్టీ నాకు తెలుసు.

కాగితం మీదికి రాని సెలవులు కూడా ఉంటాయి. మంగళవారం డబ్బు బయటికి తీయని వ్యాపారులున్నారు, అమావాస్య నాడు లోడు కదపనివాళ్లున్నారు, ఆషాఢంలో కొత్త ఒప్పందం వద్దనేవాళ్లున్నారు. మీకు నమ్మకం ఉందా లేదా అన్నది వేరే మాట. మీ లారీ యజమానికి ఉంటే చాలు, కంటైనర్ ఒక రోజు ఆగుతుంది. ఒకసారి ఇలా ఆగితే జర్మనీ పార్టీకి కారణం దాచకుండా రాశాం. చాలాసేపు జవాబు లేదు, కోపమొచ్చిందనుకున్నాం. మర్నాడు మెయిల్: ఆ ఏడాదిలో మిగిలిన అమావాస్యలన్నీ తేదీలతో పంపమని. పంపాం. ఇప్పుడు ఆయన లోడింగ్ తేదీ అడిగేటప్పుడే ఆ పట్టిక చూసి మరీ అడుగుతాడు. పోయిన నెలలో మా వాడు ఖాయం చేసిన తేదీ అమావాస్య అని మాకు చెప్పింది ఆయనే.